పెద్ద ట్రాన్స్‌ఫార్మరు – పాత మెయిన్ బోర్డు

ధర్మవరములో పట్టుచీరల అంగడి గాని, పెనుకొండలో హోటలు గాని, హిందూపురములో మిల్లు గాని వృద్ధిచెందినపుడు యజమాని పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పెట్టించును. పాత మెయిన్ బోర్డును మాత్రము అట్లే యుంచును. ముప్పు అచ్చటనే కలదు.

ఇంపిడెన్సు 4.5 శాతమైనచో, షార్టు సర్క్యూట్ వేళ 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు చెంత సుమారు 3,000 ఆంపియర్లు, 500 కె.వి.ఏ. దాని చెంత దాదాపు 15,000 ఆంపియర్లు ప్రవహింపగలవు. 10,000 మాత్రమే తెంపగల పాత బ్రేకరు అపుడు పగిలిపోవచ్చును.

కావున పాత బోర్డునకు ముందు తగిన హెచ్.ఆర్.సి. ఫ్యూజు నుంచవలెను. అంతటి ప్రవాహమునకు అది సెకనులో నూరవవంతు గడువకమునుపే కరగి, దానిని శిఖరమునకు చేరనీయదు. అయితే ఆ ఫ్యూజు, బ్రేకరుల జోడు తయారీదారు పరీక్షించినదై యుండవలెను. లేనిచో బోర్డును మార్చుటయే మేలు. చెరువున నీరు పెంచదలచినవాడు ముందుగా కట్ట బలము చూచుకొనును గదా!