కొత్త పాఠానికి మన బొమ్మ



ఊహ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఊహ అంటే పనిలేక కలలు కనడమని కొందరంటారు. హాస్టళ్లలో పిల్లల చదువు చూసే మేము ఆ మాట ఒప్పుకోం. ఏ పాఠమైనా బుర్రకెక్కాలంటే ముందు మనసులో దానికో బొమ్మ ఏర్పడాలి. ఆ బొమ్మ మనం చూసినవాటి నుంచి, విన్నవాటి నుంచే వస్తుంది.

ఇందుకు భజ్జూ శ్యామ్ గారి సంగతి చెబుతాం. ఆయన మధ్యప్రదేశ్‌లోని పటన్‌గఢ్‌కు చెందిన ప్రధాన్ గోండు. మన ఆదిలాబాద్‌లో ప్రధాన్లు కిక్రి వాయిస్తూ గోండుల కథలు పాడతారు కదా, అక్కడివాళ్ల వాద్యం బానా. పాటల్లో వినిపించే దేవుళ్లకు రంగులద్ది కాగితం మీదికి తెచ్చినవారు అదే ఊరి జన్‌గఢ్ సింగ్ శ్యామ్. భజ్జూ ఆయన బంధువే. భోపాల్‌లో రాత్రి కాపలా కాసి, కరెంటు పని చేసి, తర్వాత జన్‌గఢ్ దగ్గర కుంచె పట్టారు.

2002లో ఒక రెస్టారెంటు గోడల మీద బొమ్మలు వేయడానికి భజ్జూ లండన్ వెళ్లారు. కొత్త దేశం, తెలియని భాష. అక్కడ చూసినవాటిని తర్వాత బొమ్మలుగా వేస్తే 2004లో ‘ద లండన్ జంగిల్ బుక్’ అనే పుస్తకం వచ్చింది. అందులో బిగ్ బెన్ గడియారం కోడిపుంజుతో కలిసిపోయింది. ఊళ్లో పొద్దు చెప్పేది కోడే కదా! 30వ నంబరు బస్సు నమ్మకమైన కుక్కయింది. నేల విడిచి లేచే విమానం రెక్కల ఏనుగయింది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆయన లండన్‌ను చూసి తన ఊరిని దాచుకోలేదు. అలాగని లండన్‌ను తన ఊరిలాగే వేయనూ లేదు. కోడి వల్ల గడియారం అర్థమైంది. గడియారం కలిశాక ఆ కోడీ పాత కోడి కాదు. రెండూ మారాయి. జాక్ మెజిరో అనే విద్యావేత్త, మధ్యలో ఆగిన చదువును మళ్లీ మొదలుపెట్టిన మహిళలను పరిశీలించి 1978లో చెప్పింది కూడా ఇలాంటిదే. కొత్త సమాచారం చేరినంత మాత్రాన చదువు పూర్తికాదు, మనం చూసే చూపు మారాలి.

మరి మన సైన్సు పాఠానికి ఇది పనికొస్తుందా? జీవకణాన్నే తీసుకోండి. గూడెం అనుకుందాం. చుట్టూ కంచె కణపొర. నడిపించే పటేల్ కేంద్రకం. శక్తినిచ్చే మైటోకాండ్రియాలు పొయ్యిలు. ఇలా గీసుకుంటే పాఠం గుర్తుంటుంది. కానీ అక్కడితో ఆగొద్దు. బొమ్మ ఎక్కడ కుదరడం లేదో వెతకండి. గూడెం రెండుగా విడిపోతే కొత్త గూడేనికి ఇంకో పటేల్ వస్తాడు. కణం విడిపోయేటప్పుడు మాత్రం కేంద్రకంలోని సమాచారమంతా ముందే నకలై రెండింటికీ వెళుతుంది. బొమ్మ కుదరనిచోటే కొత్త ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న అడిగిన పిల్ల బట్టీ పట్టిన పిల్లకంటే ఒక అడుగు ముందుంటుంది.

మా బెంగంతా ఇక్కడే. పుస్తకంలో లేని మాటంటే నవ్వుతారేమోనని నోరు మూసుకునే పిల్లలు మన పిల్లలే. తమ ఊరికీ పాఠానికీ సంబంధం లేదనుకున్న పిల్ల, పండగ సెలవులకు వెళ్లి తిరిగి రాకపోవచ్చు. మార్కులు తగ్గడం కంటే పెద్ద నష్టం అది.

అందుకే కాలేజీల్లో ఉన్న మీకు మూడు పనులు చెబుతున్నాం. సెలవుల్లో ఒక ప్రధాన్ దగ్గరో, మీ అవ్వ దగ్గరో కూర్చుని ఒక కథ పూర్తిగా వినండి. అందులో మీ కళ్లకు కట్టినదాన్ని గీయండి. పేర్లు గోండిలో రాయండి. గుంజాల గోండి లిపి 2018లోనే యూనికోడ్‌లో చేరింది. మీ ఊరి చిన్నపిల్లల్లో ఒక్కరికైనా ఒక పాఠాన్ని ఇలా బొమ్మగీసి చెప్పండి. తర్వాత పెన్సిలు వాళ్ల చేతికివ్వండి. వాళ్లు గీసింది వింతగా ఉంటే దిద్దకండి, “ఇదేంటి?” అని అడిగి వినండి.