హైదరాబాద్ వెళితే ఎక్కడ దిగాలి?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు హైటెక్ సిటీ చుట్టుపక్కల ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లను చూడబోయినప్పుడు చార్మినార్ కూడా చూసి రావాలని మనకుంటుంది. అబ్బాయికి సెలవు దొరకదు. కొండాపూర్‌లో నెల రోజులుండి, బాల్కనీలోంచే నగరాన్ని చూసి తిరిగొచ్చినవారు మనలోనే ఉన్నారు. కనుక ఎక్కడ దిగాలన్నది చిన్న ప్రశ్న కాదు. ఒకరి తీరిక కోసం కాచుకోకుండా మనంతట మనం తిరగగలమా లేదా అన్నది దానిమీదే ఆధారపడి ఉంది.

హైదరాబాద్ ఒక ఊరు కాదు, రెండు. చార్మినార్ కట్టింది 1591లో. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబరులో. నడుమ నాలుగు వందల ఏళ్లు, సుమారు 20 కిలోమీటర్లు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ ఆ దూరం ఇంకా పెరుగుతుంది!

అందుచేత బసను రెండుగా విడగొట్టుకోమని నా సలహా.

పిల్లల ఇంట్లో ఉన్నన్నాళ్లు పడమటివైపువి చూడండి. గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు అక్కడికి దగ్గర. కోటకు పొద్దున్నే వెళ్లండి. పైదాకా ఎక్కలేకపోయినా, ద్వారం దగ్గర చప్పట్ల ప్రతిధ్వని వినవచ్చు. సాయంత్రానికి శిల్పారామం ఉండనే ఉంది.

తర్వాత రెండు రాత్రులు నాంపల్లిలోనో, ఆబిడ్స్‌లోనో గది తీసుకోండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే నాంపల్లి చేరతారు. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. అక్కడినుంచి చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం ఆటోలో కొద్ది దూరమే. మ్యూజియానికీ చౌమహల్లాకూ శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి.

డబ్బు కట్టేముందు గది చూడండి. లిఫ్టు ఉందా, వెస్టర్న్ టాయిలెట్ ఉందా, స్నానాల గదిలో కాలు జారుతుందా, దగ్గర్లో మందుల షాపు ఉందా? గది అద్దెకంటే ఇవి ముఖ్యం.

"ఇల్లుండగా లాడ్జి ఎందుకు నాన్నా?" అంటారు పిల్లలు. అమ్మ కూడా చిన్నబుచ్చుకోవచ్చు. ఇది అలక కాదని, చార్మినార్ చూసి మళ్లీ ఇంటికే వస్తామని నచ్చజెప్పండి. రోజూ ఫోన్ చేయండి. మనం సొంతంగా తిరిగి, చూసినవి మనవలకు చెబితే, వాళ్లే మరుసటి ఆదివారం మనల్ని వెంటబెట్టుకుని బయలుదేరతారు.

కాళ్లు సహకరిస్తున్నప్పుడే వెళ్లి రండి. సెలవు.