తాండా మిర్చి విత్తనం తాండాలోనే ఉండాలి

 

హాస్టల్ వార్డెన్లు మైకు పట్టుకుంటే చదువు, మార్కులు అంటారని మీకు తెలుసు. ఈ రోజు మేము మిరపకాయ గురించి మాట్లాడతాం. అదీ చదువే.

బాటి పక్కన ఎర్ర కారం లేకపోతే మనకు ముద్ద దిగదు. ఇంతగా మనదైపోయిన మిరప అసలు ఈ దేశానిది కాదు. దాదాపు 500 ఏళ్ళ కింద పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. అంతకుముందు ఇక్కడ ఘాటుకు మిరియాలే వాడేవారు. వచ్చిన విత్తనాన్ని ఏటేటా ఏరి దాచుకుంటూ పోతే ఒక్కో చోట ఒక్కో రకం నిలిచింది. వరంగల్ వైపు చపాటా అలాంటిదే. టమాటలా లావుగా ఉంటుంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది. మన పెరళ్ళలోని నాటు మిర్చికి అలాంటి పేరు లేదు. పేరు లేనిది మాయమైనా అడిగేవాళ్ళుండరు. మా భయం అదే.

మా హాస్టల్ వెనక రెండు వరుసలు నాటు మిర్చి వేస్తాం. విత్తనం ఒక పిల్ల అమ్మమ్మ కొంగున కట్టి పంపింది. వానలు మొదలవగానే నారు పోసి, నలభై రోజులకు తీసి నాటుతాం. కష్టమంతా విత్తనం దగ్గరే. తేనెటీగలు పక్క చేనులోని హైబ్రిడ్ పుప్పొడి తెచ్చాయంటే మరుసటి ఏడు కాయ మారిపోతుంది. అందుకే పూత రాకముందే నాలుగు మంచి మొక్కలకు పాత దోమతెర కప్పుతాం. రోజూ పొద్దున కొమ్మలు మెల్లగా ఊపితే లోపలే పిందె పడుతుంది. అప్పుడు తెర తీసి, ఆ కాయలకు ఎర్ర దారం కడతాం. దారం ఉన్న కాయ తెంపితే వంటామెనైనా ఊరుకోం! బాగా పండాక నీడలో ఎండబెట్టి, గింజలకు బూడిద కలిపి ముంతలో పోసి మూత పెడతాం. పస్తాపూర్ డీడీఎస్ సంఘాల అక్కలు పాత పంటల విత్తనాలు దాచేదీ ఇలా బూడిద, వేపాకులతోనే. సంక్రాంతికి వాళ్ళు ఎడ్లబండ్ల మీద తీసే పాత పంటల జాతర మీలో చాలామంది చూసే ఉంటారు.

హైబ్రిడ్ వేసే మీ నాన్నలను తప్పుపట్టం. అమ్మకానికి దిగుబడి కావాలి. నాటుకు పురుగు పట్టదనీ చెప్పం. కానీ హైబ్రిడ్ గింజ దాచి వేస్తే కాయలు తలోరకంగా వస్తాయి, అందుకే ఏటా ప్యాకెట్ కొనాల్సిందే. నాటు గింజకు ఆ ఖర్చు లేదు. రైతు తన విత్తనం దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు అని 2001 చట్టంలోనే ఉంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక తొక్కు. కిలో పండుమిర్చి కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, ఆ తర్వాతే తొడిమలు తీయాలి. ముందే తీస్తే నీళ్ళు లోపలికి పోయి బూజు పడుతుంది. పావుకిలో ఉప్పు, పావుకిలో చింతపండు వేసి రోట్లో దంచి, జాడీలో మూడు రోజులు ఊరనివ్వాలి. నాలుగో రోజు వెల్లుల్లి వేసి మళ్ళీ నూరి, పోపు పెట్టాలి. మిక్సీలో వేస్తే మెత్తగా అవుతుంది కానీ ఆ రుచి రాదని మా పిల్లల తీర్పు.

ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వలను అడిగి పది ఎండు కాయలు తెండి. కాగితంలో చుట్టి, మీద తాండా పేరు, ఇచ్చినామె పేరు రాయండి. ముంతలు మా దగ్గర ఖాళీగానే ఉన్నాయి.