ఎడారిలో నీళ్ల లెక్క
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం సాయంతో ఈ చలికాలం 28 మంది తొమ్మిదో తరగతి పిల్లలను రాజస్థాన్‌లోని జైసల్మేరుకు తీసుకెళ్లి క్షేమంగా వచ్చాం. ఆ డబ్బుతో నలుగురికి ఫీజులు కట్టొచ్చు కదా, ఇసుక చూడడానికి అంత దూరం ఎందుకని కొందరు పెద్దలు అడిగారు. దాతలు అడగవలసిన ప్రశ్నే. జకాత్ సొమ్ము ఇందులో ఒక్క రూపాయి కూడా వాడలేదని ముందుగా మనవి చేస్తున్నాను. మిగతా జవాబు ఇప్పుడు చెబుతాను.

జైసల్మేరులో ఏడాదికి కురిసే వాన సుమారు 20 సెంటీమీటర్లు. కరువు జిల్లా అని పేరుపడ్డ మన అనంతపురంలో సుమారు 55. ఈ అంకెలు పిల్లలు పరీక్షలో రాస్తారు. వాటి వెనక ఉన్న బతుకు చూడాలంటే అక్కడ నడవాలి.

సమ్ ఇసుక దిబ్బలు జైసల్మేరుకు దాదాపు 40 కిలోమీటర్లు. అక్కడ మా నియమాలు నాలుగే. ఇద్దరిద్దరు జంటగా నడవాలి. ముందు ఒక టీచరు, అందరి వెనక నేను. బాగా నెమ్మదిగా నడిచే పిల్ల వేగమే గుంపు వేగం. ఆగిన ప్రతిచోటా తలల లెక్క, నీళ్ల సీసాల లెక్క. దిబ్బలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి, గాలి వీస్తే అడుగుజాడలు చెరిగిపోతాయి. అందుకే ఎవరూ ఒంటరిగా దిబ్బ దాటకూడదన్నాం. నడక పొద్దున కాసేపు, అసర్ నమాజు తరువాత కాసేపు.

రెండో రోజు ఒక అబ్బాయి ఇసుక చేతులు కడుక్కుందామని సీసా వంచబోతే, జంట పిల్లవాడే చెయ్యి పట్టుకుని ఆపాడు. నేను నోరు తెరవాల్సిన పని లేకపోయింది. తయమ్ముమ్‌కు అనుమతి ఎందుకుందో కూడా పిల్లలకు అక్కడే బాగా అర్థమైంది.

ఆ కొద్దిపాటి వానతో జనం ఎలా బతికారో చూపించడమే మా అసలు పాఠం. 14వ శతాబ్దపు గడీసర్ చెరువు చూశాం. కుళాయిలు రాకముందు ఊరు తాగింది ఆ నీళ్లే. 'ఖడీన్' చూశాం. రాతి నేల మీద పడిన వాన పల్లానికి పారితే అక్కడ మట్టికట్ట వేసి ఆపుతారు. నీళ్లు ఇంకాక ఆ తేమ మీదే గోధుమ, శనగ పండిస్తారు. 'టాంకా' చూశాం. చుట్టూ నేలను పళ్లెంలా వాలు చేసి, మధ్యలో భూమిలోపల కట్టిన తొట్టిలోకి వాననీటిని దింపుతారు. ఆ రాత్రి పిల్లలకు జుబైదా బేగం కథ చెప్పాను. ఖలీఫా హారూన్ రషీద్ భార్య అయిన ఆమె, కూఫా నుంచి మక్కా వెళ్లే ఎడారి దారిలో హాజీల కోసం బావులు, తొట్లు కట్టించింది. ఆ దారికి ఆమె పేరే నిలిచింది.

తిరిగొచ్చాక పిల్లలు తమంతట తామే టేపు పట్టుకుని బడి డాబా కొలిచారు. 200 చదరపు మీటర్లు వచ్చింది. 55 సెంటీమీటర్ల వానకు 1,10,000 లీటర్లు. అందులో సగం వృథా పోయినా 55,000 లీటర్లు మిగులుతాయి. మనమేమో వేసవిలో ట్యాంకరు నీళ్లు కొంటున్నాం.

ఆ లెక్కల కాగితం, పిల్లలు గీసిన సంపు పటం ఈ బల్ల మీదే ఉన్నాయి. దయచేసి చూడండి, తప్పులుంటే దిద్దండి. జూన్ వానల్లోపు ఆ సంపు కట్టించగలిగితే, ఈ యాత్రకు వెళ్లని పిల్లలు కూడా ఆ నీళ్లు తాగుతారు.