వినోదయంత్రాల తనిఖీ – బాధ్యత ఎవరిది?

(ఢిల్లీలోని తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యాలు, పింఛనులు చర్చించుకొనే వేదికపై రోలర్ కోస్టర్ల ప్రస్తావన ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చును. 1984లో ప్రగతి మైదానంలో అప్పూఘర్ వెలసినది, 2008లో మూతపడినది. నేడు రోహిణిలో, నోయిడాలో, కపాషేరాలో అటువంటి ఉద్యానవనాలున్నవి. దసరా వచ్చినదంటే రామలీలా మైదానాలలో జెయింట్ వీల్స్ లేచి నిలుస్తవి. సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళేది మన వంటి కుటుంబాలే. టిక్కెట్టు కొని, కడ్డీ బిగించుకొని, మన ప్రాణాలను ఒక యంత్రానికి అప్పగిస్తున్నాము. ఆ యంత్రాన్ని ఆ ఉదయం ఎవరు చూచారు? ఏమి చూచారు? ఎక్కడ వ్రాసి సంతకం పెట్టారు? ఈ మూడు ప్రశ్నలే నా ప్రసంగ విషయం.

2025 ఏప్రిల్ 3న కపాషేరాలోని ఒక ఉద్యానవనంలో రోలర్ కోస్టర్ మీదనుండి పడి 24 ఏండ్ల యువతి మరణించినది. పోలీసులు భారతీయ న్యాయ సంహితలోని 289, 106 సెక్షన్ల క్రింద కేసు నమోదు చేశారు. యంత్రాల విషయంలో నిర్లక్ష్యానికి మొదటిది. నిర్లక్ష్యం వలన కలిగిన మరణానికి రెండవది. మొదటిదానికి గరిష్ఠ శిక్ష ఆరు నెలల ఖైదు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూను. కేసు అవసరమే. కాని కేసు ప్రమాదం వెనుక నడిచివచ్చేది. ప్రమాదానికి ముందు నిలువగలిగినది తనిఖీ ఒక్కటే.

ఇది ఢిల్లీకి మాత్రమే పట్టిన పీడ కాదు. 2018 మే నెలలో మన అనంతపురంలో జెయింట్ వీల్ పెట్టె ఊడిపడి పదేండ్ల బాలిక ప్రాణం పోయినది. బోల్టు వదులైనదని ముందే చెప్పినా చక్రాన్ని ఆపలేదని చూచినవారు చెప్పినట్లు పత్రికలు వ్రాసినవి. 2019 జూలై 14న అహమ్మదాబాదు కాంకరియా సరస్సు వద్ద లోలకం వలె ఊగే యంత్రం విరిగి ఇద్దరు మరణించారు. 29 మంది గాయపడ్డారు.

ఇనుము ఎందుకు విరుగుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకినది రైల్వేలే. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ వద్ద ఇంజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగినది. తరువాత ప్రష్యా రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఇరుసులపై ఏండ్ల తరబడి ప్రయోగాలు చేసి ఒక సత్యాన్ని స్థాపించాడు. ఒక్కసారి మోపితే లోహం తేలికగా మోయగల బరువే, లక్షలసార్లు మోపి తీసివేస్తూ ఉంటే దానిని విరుగగొట్టగలదు. వెంట్రుకవాసి పగులు పుడుతుంది, ప్రతి తిరుగుడుకు ఇంచుక పెరుగుతుంది, ఒకనాడు హఠాత్తుగా విరుగుతుంది. దీనినే లోహపు అలసట అంటారు. ఊగే, తిరిగే, పైకెక్కి దిగే యంత్రాలన్నింటికీ ఈ నియమమే వర్తిస్తుంది.

కంటితో చూచిన తనిఖీ చాలదనడానికి అమెరికాలోని ఒహాయో రాష్ట్ర ప్రదర్శనే సాక్ష్యం. 2017 జూలై 26న అక్కడ ఒక యంత్రం గాలిలోనే విరిగి 18 ఏండ్ల యువకుడు మరణించాడు. ఆ రోజుననే దానిని తనిఖీ చేసి అనుమతించారు. ఆసనాలను మోసే దూలం లోపలివైపున తుప్పు తినివేసినదని తయారీదారులు తరువాత తేల్చారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్లు, రంగు క్రింద దాగిన తుప్పును కన్ను పట్టలేదు. పట్టాలకు, ఇరుసులకు మనం చేసే అల్ట్రాసోనిక్ పరీక్ష వంటివి పట్టగలవు.

కనుక తనిఖీకి మూడు అంచెలుండవలెను. మొదటిది దినసరి తనిఖీ. బోల్టులు, పిన్నులు, వెల్డింగు అతుకులు, ఆసనాల కడ్డీలు, వెనుకకు జారకుండా ఆపే పళ్ళు, బ్రేకులు చూచి, ఖాళీగా నడిపి, సంతకం చేసిన తరువాతనే మనుషులను ఎక్కించవలెను. రెండవది నియమిత కాలంలో భాగాలు విప్పి, అతుకులలోని పగుళ్ళను శాస్త్రీయంగా పరీక్షించుట. మూడవది యజమానితో లాభనష్టాల సంబంధం లేని ఇంజనీరు చేసే తనిఖీ. ఊరూరా విప్పి బిగించే యంత్రానికైతే బిగించిన ప్రతిసారీ ఇది జరుగవలెను. నేల గట్టితనాన్ని సైతం చూడవలెను. భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 15475 పేరిట, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 17842 సంఖ్యతో ఈ విషయమై ప్రమాణాలు ప్రకటించినవి. ప్రమాణం పుస్తకంలో ఉండుట వేరు. దానిని లైసెన్సు షరతుగా అమలు జరుపుట వేరు.

ఢిల్లీలో వినోద ఉద్యానవనాల లైసెన్సు అధికారం చిరకాలం పోలీసు శాఖ చేతిలో ఉండినది. 2025 జూన్‌లో లెఫ్టినెంట్ గవర్నరు ఉత్తర్వుతో హోటళ్ళు, ఈతకొలనులు మొదలైన ఏడు తరగతుల లైసెన్సులలో భాగంగా దీనిని స్థానిక సంస్థలకు బదిలీ చేశారు. కాగితం ఒక బల్ల మీదనుండి మరొక బల్లకు మారినంతనే భద్రత రాదు. వెల్డింగు అతుకును పరీక్షించగల మనిషి, అతని చేతిలో పరికరం, యంత్రాన్ని ఆపివేయగల అధికారం – ఈ మూడూ ఆ బల్ల వెనుక ఉండవలెను.

స్వతంత్ర తనిఖీ ఎట్లుండవలెనో మన చరిత్రే చెబుతున్నది. రైళ్ళను నడిపే రైల్వే బోర్డు క్రిందనే రైల్వే ఇన్‌స్పెక్టర్లు ఉండరాదన్న సూత్రం మేరకు 1941లో వారిని అప్పటి తపాలా, విమాన శాఖకు అప్పగించారు. రైలు భద్రతను కనిపెట్టే పని తపాలా వారి గూటికి చేరిన ఆ ఉదంతం ఈ సభలోని ఉభయులకూ ఆసక్తికరమే. నేటికీ రైల్వే భద్రతా కమిషన్ పౌర విమానయాన మంత్రిత్వశాఖ క్రిందనే పనిచేస్తున్నది. నడిపేవాడే తనకు తాను యోగ్యతాపత్రం వ్రాసుకొనరాదన్నదే అందులోని నీతి.

ఇక ఆ యంత్రం మీట వద్ద నిలిచిన కార్మికుని సంగతి. మన కీమాన్ పట్టా విరిగినట్లు కనుగొంటే ఎవరి అనుమతికీ ఎదురుచూడడు. బ్రాడ్‌గేజి మీద 600 మీటర్ల దూరాన ఎర్రగుడ్డ కట్టి, 1,200 మీటర్ల వద్ద మూడు డిటొనేటర్లు పెట్టి రైలును ఆపుతాడు. నియమావళి అతనికి ఆ అధికారమిచ్చినది. బారులు తీరిన జనం ముందు, యజమాని కనుసన్నలలో, బోల్టు వదులైనదని మీట ఆపితే మరునాడు పని ఉండునో ఉండదో తెలియని మనిషికి ఆ ధైర్యం ఎక్కడినుండి వస్తుంది? శిక్షణ లేనివానిని, ఉద్యోగ భద్రత లేనివానిని అక్కడ నిలబెట్టి, ప్రమాదం జరిగిన పిమ్మట అతనినే ముందుగా ముద్దాయిని చేయుట న్యాయం కాదు.

కావున మన కోర్కెలు స్పష్టం. ప్రమాణాలు లైసెన్సు షరతులు కావలెను. స్వతంత్ర ఇంజనీరు యోగ్యతాపత్రం, ఆనాటి తనిఖీ సంతకం టిక్కెట్టు కిటికీ వద్ద కనబడవలెను. నడిపే కార్మికునికి శిక్షణతో పాటు, యంత్రాన్ని ఆపినందుకు శిక్షింపబడకుండా వ్రాతపూర్వక రక్షణ ఉండవలెను. ప్రతి ప్రమాద విచారణ నివేదికను ప్రజలకు వెల్లడించవలెను.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట ఇకనైనా మానవలెను. ఈసారి పిల్లలతో వెళ్ళినపుడు టిక్కెట్టు కొనేముందు యోగ్యతాపత్రం చూపమని అడగండి. చూపకపోతే ఎక్కవద్దు, స్థానిక సంస్థకు ఒక ఉత్తరం వ్రాయండి. దానిని చేరవేసేందుకు మన తపాలా సోదరులు ఎలాగూ ఉన్నారు.