ముట్టిందా? ఒప్పుకున్నామా?

పెద్దలు ఆఫీసుల్లోనూ పిల్లలు స్కూళ్ళలోనూ తరచు చూసే ఒక ఇంగ్లీషు క్రియ గురించి ఈవేళ కాసేపు మాట్లాడుకుందాం. ఆ మాట "అక్నాలెడ్జ్". పలికేటప్పుడు నొక్కు "నా" మీద పడాలి. ఇది కాస్త దర్జా మాట. వంటింట్లో వినపడదు. ఆఫీసు మెయిల్లో, బ్యాంకు కాగితంలో, స్కూలు సర్క్యులర్ అడుగున సంతకం పెట్టే చోట ఉంటుంది.

మనకి ఇది కొత్తదేమీ కాదు. ఊళ్ళో రిజిస్టరు ఉత్తరం వస్తే పోస్ట్‌మాన్ ఒక కార్డు మీద సంతకం పెట్టించుకునేవాడు, గుర్తుందా? అదే అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు. 2025లో రిజిస్టర్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది గానీ, ఆ కార్డు నేర్పిన అర్థం మాత్రం మారలేదు. సంతకం పెట్టామంటే కవరు ముట్టిందని చెప్పినట్టు. లోపల లాయరు నోటీసు ఉంటే, అందులో రాసిందంతా నిజమేనని ఒప్పుకున్నట్టు కాదు.

నేను పనిచేసే కంప్యూటర్ల రంగంలోనూ అంతే. ఇంటర్నెట్‌లో సమాచారం ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. అవి చేరాక అవతలి యంత్రం "అందింది" అని తిరుగు కబురు పంపుతుంది. దాన్ని "ఆక్" అంటారు. ఈ క్రియకే అది పొట్టిపేరు. వాట్సాప్‌లో రెండు బూడిద రంగు టిక్కులు పడితే ఫోనుకి చేరిందని, నీలం రంగైతే చూశారని అర్థం. "సరే" అన్నారని మాత్రం కాదు. అమ్మ "ఈ సంక్రాంతికి వస్తున్నారా" అని అడిగితే, మనం చూసినంత మాత్రాన టికెట్లు కొన్నట్టు కాదు కదా!

ఇది మొదటి అర్థం. "ఐ అక్నాలెడ్జ్ రిసీట్ ఆఫ్ యువర్ లెటర్" అంటే మీ ఉత్తరం అందింది, అంతే. ఇక్కడ మనవాళ్ళు తరచు "అక్నాలెడ్జ్ ఫర్ యువర్ మెయిల్", "అక్నాలెడ్జ్ అబౌట్ ది ఇష్యూ" అని రాస్తుంటారు. ఈ క్రియకి ఆ "ఫర్", "అబౌట్" అక్కర్లేదు. ఏది అందిందో ఆ మాట నేరుగా రావాలి.

రెండో అర్థం దీనికంటే బరువైనది. ఈ క్రియ తరవాత "దట్" వచ్చి ఒక పూర్తి వాక్యం వచ్చిందంటే, ఆ వాక్యం నిజమని మనం ఒప్పుకున్నట్టే. "హీ అక్నాలెడ్జ్డ్ దట్ హీ వాజ్ లేట్" అంటే ఆలస్యంగా వచ్చానని అతనే ఒప్పుకున్నాడు. "హీ అక్నాలెడ్జ్డ్ బీయింగ్ లేట్" అన్నా అదే. "అక్నాలెడ్జ్డ్ టు బీ లేట్" అనకూడదు.

ఈ అర్థానికి ఎంత బలముందో ప్రామిసరీ నోటు చూసినవాళ్ళకి తెలుసు. మన దేశంలో నోటు మీద అప్పుకి మామూలుగా మూడేళ్ళకి కాలదోషం పడుతుంది. ఆ గడువు దాటకముందే బాకీదారు "మీకు బాకీ ఉన్న మాట నిజమే" అని రాసి సంతకం పెడితే, 1963 నాటి లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి గడువు మళ్ళీ మొదలవుతుంది. ఎంత బాకీయో అంకె వెయ్యకపోయినా సరే. చట్టం దీనికి పెట్టిన పేరు అక్నాలెడ్జ్‌మెంటే.

ఇప్పుడు మన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ సంగతికి వద్దాం. ఇక్కడ ఫ్యాక్టరీలూ గోడౌన్లూ ఉన్నాయి, మనలాంటి కుటుంబాలుండే అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి, కార్మికుల వసతి భవనాలూ ఉన్నాయి. సెలవు రోజున వాళ్ళలో కొందరు కాగితాలు చదివించుకోవడానికి నా దగ్గరికి వస్తుంటారు. ఒకసారి జగిత్యాల వైపు పెద్దాయన ఒకాయన వచ్చాడు. ఏళ్ళ తరబడి పనిచేసి ఇంటికి వెళ్ళిపోతున్నాడు.

"తమ్మీ, జర ఇది చూడు. పైసలు తర్వాత ఏస్తరట. ఇది ఉత్త రసీదేనట, సంతకం పెట్టమంటున్నరు."

"ఇది రసీదు కాదు కాకా. బాకీ అంతా ముట్టింది, ఇక నేను అడిగేది ఏమీ లేదని మీరే ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది."

"ముట్టకుండనే ముట్టిందని ఎట్ల రాస్త?"

ఆ కాగితంలో "అక్నాలెడ్జ్" పక్కన "రిసీట్" లేదు, "దట్" ఉంది. అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. పెద్దాయన సంతకం పెట్టలేదు. పైసలు చేతికొచ్చిన రోజున పెడతానన్నాడు. ఇక్కడి 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన 14 రోజుల్లోగా బాకీలన్నీ చెల్లించాలి. ఆయన అడిగింది న్యాయమే. ఆ డబ్బు పడ్డాకే సంతకం చేసి విమానమెక్కాడు.

2016 జనవరిలో ఈ దేశం ఉద్యోగ ప్రతిపాదన పత్రాన్ని అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు కార్మికుడికి అర్థమయ్యే భాషలో కూడా ఇవ్వాలని పద్ధతి పెట్టింది. అప్పుడు ప్రకటించిన 11 భాషల్లో హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం, బెంగాలీ ఉన్నాయి. తెలుగు లేదు. అందుకని ఇలాంటి మాటల అర్థం మనమే ఒకరికొకరం చెప్పుకోవాలి.

కాగితం అందిందని మాత్రమే చెప్పాలనుకుంటే సంతకం పైన "రిసీవ్డ్ ఎ కాపీ ఓన్లీ" అని రాసి తేదీ వెయ్యండి. ఒక ఫోటో తీసి దాచుకోండి. అర్థం కాకపోతే "చదివించుకుని రేపు ఇస్తా" అనండి. సాయం కావాలంటే భారత కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్ళు కూడా అంతా పోయిందనుకుని ఊరుకోవద్దు, వెళ్ళి అడగండి. కాకపోతే ముట్టలేదని చూపించుకోవడం అప్పుడు కష్టమవుతుంది.

చివరగా పిల్లలకి ఒక చిన్న పని. ఈ వారం ఇంటికొచ్చే సర్క్యులర్లలో ఈ మాట ఎక్కడుందో వెతకండి. దాని పక్కన "రిసీట్" ఉందా, "దట్" ఉందా చూసి, అమ్మానాన్నలు సంతకం పెట్టేముందు "ముట్టిందా, ఒప్పుకున్నామా" అని అడగండి. పక్క గదిలో ఉండే అన్నలకీ బాబాయిలకీ కూడా చదివి పెట్టండి.

మళ్ళీ వారం ఇంకో మాటతో కలుసుకుందాం. అంతవరకూ సెలవు.