బండి టోటల్ లాస్ అని ఎవరు తేలుస్తారు? ఆ 75 శాతం లెక్క ఏంటి?

వానలు మొదలైతే చాలు, నాకు ఒకే రకం మెసేజులు వస్తాయి. "అన్నా, కారు నీళ్లల్ల మునిగింది. షెడ్డోళ్లు బాగైతది అంటున్నరు, కంపెనోళ్లు టోటల్ లాస్ అంటున్నరు. ఒప్పుకోవాల్నా?" ఇంకొందరిది ఉల్టా బాధ. "బండి తుక్కుతుక్కయింది, అయినా రిపేర్ చేయించుకోమంటున్నరు" అని.

మనవైపు ఇది ఊరికే వచ్చే ప్రశ్న కాదు. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరినే ముంచేసింది. ఇండ్ల మీదికెక్కిన జనాన్ని హెలికాప్టర్లు, పడవలు వచ్చి తీసుకుపోయాయి. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. జనగామ సంగతి వేరు. అక్కడ హైదరాబాద్–వరంగల్ హైవే ఉంది కాబట్టి నీళ్ల కంటే గుద్దుకునుడు భయం ఎక్కువ. వాగులో మునిగినా, హైవే మీద నుజ్జయినా, బండిని బాగు చేయించాలా, లేక "ఇక ఇది లేదు" అని లెక్క తేల్చేయాలా అనేది ఒకే సూత్రం మీద నడుస్తుంది.

ముందే ఒక మాట చెప్తాను. ఆ నిర్ణయంలో సగం, ప్రమాదం జరిగిన రోజు జరగదు. మీరు ఫోన్లో పాలసీ రెన్యూవల్ చేసిన రోజే జరిగిపోతుంది. ఎట్లాగో చూద్దాం.

అసలు మీకు ఏ పాలసీ ఉంది? థర్డ్ పార్టీ పాలసీ అంటే మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి మాత్రమే. మీ బండికి అందులో రూపాయి కూడా రాదు. మీ బండి నష్టానికి డబ్బు రావాలంటే ఓన్ డ్యామేజ్ ఉండాలి. వరద, తుఫాను, అగ్నిప్రమాదం, దొంగతనం, యాక్సిడెంట్ అన్నీ అందులోకే వస్తాయి.

బైక్ ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇక్కడ బాగా వినండి. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త బైక్ కొంటే 5 ఏళ్లకు, కొత్త కారు కొంటే 3 ఏళ్లకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి తీసుకోవాలి. సుప్రీంకోర్టు ఆదేశంతో వచ్చిన రూలు ఇది. దాంతో చాలామంది "నాకు 5 ఏళ్ల ఇన్సూరెన్స్ ఉంది" అని ధీమాగా ఉంటారు. కానీ ఆ కాగితంలో ఓన్ డ్యామేజ్ చాలాసార్లు ఒక్క ఏడాదికే ఉంటుంది. రెండో ఏడాది అది రెన్యూవల్ చేయకపోతే పోలీసులు ఆపినప్పుడు కాగితం చెల్లుతుంది, బండి వాగులో పోతే మాత్రం చెల్లదు.

ఇప్పుడు అసలు పదం, ఐడీవీ. అంటే మీ బండి విలువ ఇంత అని పాలసీలో రాసుకున్న అంకె. బండి మొత్తం పోతే కంపెనీ ఇచ్చే డబ్బుకు ఇదే లెక్క. కంపెనీ ప్రకటించిన అమ్మకం ధర నుంచి వయసును బట్టి తగ్గిస్తూ పోతారు. 6 నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం. ఐదేళ్లు దాటితే మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్న అంకె. ఇందులో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చు ఉండవు. షోరూమ్‌లో మీరు కట్టిన మొత్తం వేరు, ఐడీవీ లెక్క మొదలయ్యే ధర వేరు.

ఇక సూత్రం. బండిని ఘటనా స్థలం నుంచి బయటికి తీసే ఖర్చు, రిపేర్ ఖర్చు కలిపి పాలసీ షరతుల ప్రకారం లెక్కేస్తే ఐడీవీలో 75 శాతం దాటిందా? దాటితే అది కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్. అంటే బండి కళ్లముందే ఉన్నా, బాగుచేయడం సాధ్యమే అయినా, లెక్కలో మాత్రం పోయినట్టే. దాటకపోతే రిపేరే.

ఊహించుకోండి, మీ కారు ఐడీవీ 4,00,000. అందులో 75 శాతం 3,00,000. సర్వేయర్ లెక్క 3,20,000 తేలింది. గీత దాటింది కాబట్టి టోటల్ లాస్. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000 రూపాయలు. అది పోగా 3,99,000 రావాలి. ఇంకేమైనా కోత మీరే ఒప్పుకుని పాలసీ తీసుకుంటే అదీ పోతుంది.

ఇప్పుడు అదే కారు. రెన్యూవల్ అప్పుడు యాప్‌లో ప్రీమియం తగ్గించుకుందామని ఐడీవీ బార్‌ను వెనక్కి జరిపి 3,20,000 పెట్టారు అనుకుందాం. ఇప్పుడు గీత 2,40,000 దగ్గరే. నష్టం 2,50,000 తేలింది. ఐడీవీ 4 లక్షలు ఉండి ఉంటే ఈ బండి రిపేరై రోడ్డెక్కేది. ఇప్పుడేమో టోటల్ లాస్, చేతికి 3,19,000. అలాంటి కారు బయట కొనాలంటే 4 లక్షలు కావాలి. ప్రీమియంలో మిగిలిందెంత, పోయిందెంత? మీరే చెప్పండి.

లోన్ మీద ఉన్న బండైతే దెబ్బ ఇంకా గట్టిది. బండి మీద ఫైనాన్స్ ఉంటే క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకే పోతుంది. బ్యాంకుకు ఇంకా 3,50,000 బాకీ ఉంటే, వచ్చిన 3,19,000 అటే పోయి 31,000 మీ మీదనే ఉంటుంది. బండి లేదు, ఈఎంఐ ఉంది. ఆ కారును ట్యాక్సీకి తిప్పుకుని బతికే పిల్లగానికి ఇది అంకెల ఆట కాదు, ఇంట్లో పొయ్యి సంగతి.

ఈ లెక్క వేసేది ఎవరు? షెడ్డు వాళ్లు రాసే ఎస్టిమేట్ ఒకటుంటుంది, అది ఫైనల్ కాదు. 50,000 రూపాయలు దాటిన మోటార్ క్లెయిములకు లైసెన్స్ ఉన్న సర్వేయర్ వచ్చి చూడాలి. ఏ పార్టు మార్చాలి, ఏది బాగుచేస్తే సరిపోతుంది అని ఆయన ఒక్కొక్కటి తేలుస్తాడు. మామూలు పాలసీలో పార్టులకూ కోత ఉంటుంది. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి 50 శాతం, ఫైబర్‌గ్లాస్‌కు 30, అద్దాలకు ఏమీ ఉండదు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి ఉంటుంది. జీరో డెప్ తీసుకున్నవాళ్లకు ఈ కోత చాలావరకు ఉండదు. అందుకే షెడ్డు అంకె ఒకటి, సర్వేయర్ అంకె ఇంకొకటి. మీరు అడగాల్సింది సర్వేయర్ అంకె.

నీళ్లలో మునిగిన బండికి మొదటి ప్రశ్న: నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? కింద కార్పెట్ దాకానా, సీటు దాకానా, డాష్‌బోర్డు దాకానా? కార్పెట్ దాకే అయితే ఆరబెట్టి, శుభ్రం చేసి బయటపడొచ్చు. డాష్‌బోర్డు దాటితే వైరింగ్, కంప్యూటర్ బాక్సు, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లు అన్నీ లెక్కలోకి వస్తాయి, బిల్లు గీత వైపు ఉరుకుతుంది. గుద్దుకున్న బండిలో అయితే ఛాసిస్ వంగిందా, పైకప్పును మోసే పిల్లర్లు దెబ్బతిన్నాయా, ఎయిర్‌బ్యాగులు పేలాయా అనేవి చూస్తారు. బయటికి సొట్ట చిన్నగా కనిపించినా ఇవి పోతే ఖర్చు పెద్దది.

అందుకే ఫోన్ చేతిలో ఉన్న మీరు ఒక పని చేయండి. బండిని కడిగే ముందే లోపల బురద గీత ఎక్కడిదాకా ఉందో ఫొటో, వీడియో తీయండి. నంబర్ ప్లేటు, మీటర్ రీడింగ్ కనబడాలి. ఆ వెంటనే కంపెనీకి చెప్పండి.

చేయకూడని పని ఒకటుంది. మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు. ఇంజిన్ లోపల గాలి ఉండాల్సిన చోట నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. "ఇది వరద వల్ల పోలేదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల పోయింది" అని కంపెనీ ఆ ఇంజిన్ డబ్బు ఆపే వీలుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ ఉన్నది దీనికోసమే. పారే వాగులోకి అయితే అసలే దిగొద్దు. 2024 వరదలో ఆకేరు దగ్గర కారులో పోతున్న తండ్రీ కూతురు ప్రాణాలు కోల్పోయారు. బండికి ఐడీవీ ఉంటుంది, మనిషికి ఉండదు.

భూపాలపల్లి వైపు వాళ్లకు ఇంకో మాట. వాగులో పడ్డ లారీని క్రేన్ తెచ్చి తీయాలి, అక్కడి నుంచి హనుమకొండ, వరంగల్ దాకా మోయించాలి. సూత్రంలో "బయటికి తీసే ఖర్చు" కూడా ఉంది కదా, అది ఆ 75 శాతం లెక్కలో కలుస్తుంది. కానీ మామూలు పాలసీలో మోయించే ఖర్చుకు ఇచ్చేది చాలా తక్కువ. కారుకు 1,500, బైక్‌కు 300 రూపాయలే. కాబట్టి క్రేన్ పిలిచే ముందు కంపెనీతో మాట్లాడండి, బిల్లు తీసుకోండి.

టోటల్ లాస్ అని తేలాక రెండు దారులు. ఒకటి, బండిని కంపెనీకి అప్పజెప్పి పూర్తి డబ్బు తీసుకోవడం. రెండోది, పాడైన బండిని మీరే ఉంచుకుని దాని తుక్కు విలువ తగ్గించుకుని మిగతాది తీసుకోవడం. ఇందాకటి మొదటి లెక్కలో తుక్కు విలువ 90,000 అనుకుంటే చేతికి 3,09,000, బండి మీ దగ్గరే. మెకానిక్ తెలిసినవాళ్లు రెండో దారి ఎంచుకుంటారు. అయితే తుక్కుకు ఎవరు, ఎంతకు కోట్ చేశారో కాగితం మీద అడగండి. ఆ అంకె ఎంత పెంచితే మీకు అంత తగ్గుతుంది.

బేరం దగ్గర గుర్తుంచుకోండి. పాలసీ నడుస్తున్న ఏడాది మొత్తం ఐడీవీయే బండి విలువ. టోటల్ లాస్ అప్పుడు దాని మీద మళ్లీ తరుగుదల తీయకూడదని పాలసీలోనే ఉంటుంది. "బండి పాతది కదా, కొంచెం తగ్గించుకుందాం" అంటే ఆ పేజీ చూపించండి.

బండి ఇక రోడ్డెక్కదు అంటే ఆర్‌సీ కూడా రద్దు చేయించాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 ప్రకారం, పూర్తిగా పాడైన బండి గురించి యజమాని 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి. ఇది ఎందుకంటే, మీ పేరు మీది ఆర్‌సీ, ఛాసిస్ నంబర్ ఇంకెవరి చేతిలోనో పడి దొంగ బండికి అతికితే, పోలీసులు వచ్చేది మీ ఇంటికే.

క్యాంపర్ వ్యాన్ల గురించీ అడుగుతున్నారు. యూట్యూబ్ చూసి వ్యాన్‌లో మంచం, ఫ్రిజ్, సోలార్ ప్యానెల్ బిగించుకుందామని. బిగించుకోండి, కానీ బండి స్వరూపం మారితే ఆర్టీఏ అనుమతి కావాలి, కంపెనీకీ చెప్పాలి. మీరు బిగించిన సామాన్ల విలువ పాలసీలో రాయించకపోతే ఐడీవీలో అవి లేనట్టే. 10 లక్షల వ్యాన్‌లో 4 లక్షల సామాను పెట్టి చెప్పకపోతే, మునిగిన రోజు లెక్క 10 లక్షల మీదే.

కంపెనీ లెక్క తప్పనిపిస్తే? సర్వే రిపోర్టు కాపీ అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబర్ ఉంది. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోపు పోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇప్పుడు వీడియో ఆపి మీ పాలసీ పీడీఎఫ్ తెరవండి. నాలుగు చూడండి. ఓన్ డ్యామేజ్ ఏ తేదీ దాకా ఉంది? ఐడీవీ ఎంత? అలాంటి బండి మీ ఊళ్లో ఇప్పుడు ఎంతకు దొరుకుతుంది? లోన్ బాకీ ఎంత? ఐడీవీ ఆ చివరి రెండింటికంటే బాగా తక్కువ ఉంటే, ఈసారి రెన్యూవల్‌లో ఆ బార్‌ను వెనక్కి కాదు, ముందుకు జరపండి. మీ ఇంట్లో నాన్న బండి, అన్న ఆటో పాలసీ కూడా మీరే చూసిపెట్టండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. పైలం.